రెండు కళ్ళూ కనబడాలి

సోమవారం. నిలకడ ఉదయం 11.00

ఈ ఉదయం సిస్టర్ ఇన్నాసమ్మగారి కళ్ళజోడులో ఎడమ అద్దం మీద మాత్రమే ఉప్పు పేరుకుని ఉంది. కుడి అద్దం శుభ్రంగా ఉంది. సముద్రపు గాలి రెండిటి మీదా ఒకేలా ఉప్పు చల్లుతుంది. ఆమె ఎడమ అద్దం తుడవడం మానేశారు.

ఆమె నాకు పదేళ్ళు భూగోళం చెప్పారు. ఇవాళ వీసా ఫోటో కోసం మా స్టూడియోకు వచ్చి వరసలో నాలుగో మనిషిగా బల్ల మీద కూర్చున్నారు. దగ్గరికి వెళ్ళి పలకరించాలో వద్దో తెలియక నేను తుడిచిన కెమెరానే మళ్ళీ తుడుస్తూ ఉండిపోయాను. చివరికి ఆమే పిలిచారు.

"వెరోనికా, నేను పాఠం అడగడానికి రాలేదు. భయపడకు."

రోజుకు నలుగురికి మించి తీయలేం. మా ఊరు దివి నాలుగు. దాని కింద నేల లేదు. పీపాలు, గొలుసులు, వాటి కింద నీళ్ళు, ఆ నీళ్ళ అడుగున ఒకప్పటి మా ఊళ్ళు. పోటు నిండుగా ఎక్కి, పాటు మొదలయ్యే ముందు నీళ్ళు పదకొండు నిమిషాలు ఆగుతాయి. దాన్నే నిలకడ అంటాం. కప్పు నుంచి వేలాడదీసిన సీసపు గుండు ఊగడం మానితే నిలకడ వచ్చినట్టు. మిగతా సమయంలో తీస్తే తల వంకరగా వస్తుంది. ఊగే నేల మీద బతికేవాళ్ళం కనుక మా తలలు మాకు తెలియకుండానే ఊపుకు ఎదురు వంగి ఉంటాయి. మునగకుండా మిగిలిన నేలను మేం గట్టు అంటాం. గట్టు మీదివాళ్ళకు వంగిన తల పనికిరాదు.

స్టూడియో నాంచారయ్య బాబాయిది. వరసకు బాబాయి కాదు, నేను పనిలో చేరినప్పటి నుంచి అలా పిలుస్తున్నాను. గోడ మీద నియమాలు ఆయన చేత్తో రాసినవే. తల నిటారుగా ఉండాలి. రెండు చెవులూ కనబడాలి. రెండు కళ్ళూ పూర్తిగా తెరిచి ఉండాలి. నవ్వకూడదు. వెనక తెల్లగా ఉండాలి, నీడ పడకూడదు. తీసిన ఫోటోను గట్టువాళ్ళు పంపిన పరీక్ష పెట్టెలో పెడతాం. పచ్చ దీపం వెలిగితే ఒప్పుకున్నట్టు. ఎర్రగా వెలిగితే కింద ఏం వంకో అక్షరాల్లో పడుతుంది. అందుకే ఆ పెట్టెకు అందరూ అత్తగారు అని పేరు పెట్టారు. మనిషికి మూడు అవకాశాలు. మూడోసారీ ఎర్రదీపమే అయితే ఏడాది దాకా దరఖాస్తు లేదు.

సిస్టర్ ముసుగును చెవుల వెనక్కి నెట్టుకున్నారు. ఆమె చెవులు నేనెప్పుడూ చూడలేదు. తమ్మెల మీద ఎప్పుడో పూడిపోయిన కుట్ల గుర్తులున్నాయి. నేను చూపు తిప్పుకున్నాను.

గుండు ఆగింది. తల నిటారుగా వచ్చింది. నీడ లేదు. ఎడమ రెప్ప మాత్రం సగానికి పైగా వాలి ఉంది. ఎత్తమని అడిగాను. ఆమె నుదురు ముడతలు పడేలా ప్రయత్నించారు. కనుబొమ్మ లేచింది, రెప్ప లేవలేదు.

అత్తగారి జవాబు: ఎడమ కన్ను కనబడటం లేదు.

ఆ రెప్ప కోసమే ఆమె గట్టుకు వెళ్తున్నారు. కండరాలు అలిసిపోయే జబ్బని మా కాంపౌండరు అంటాడు. మొదట రెప్పలు, తర్వాత దవడ, గొంతు. చివరికి ఊపిరి. గట్టు మీద దానికి మందుందట, కానీ పెద్ద ఆసుపత్రి డాక్టరు స్వయంగా చూసి మోతాదు కట్టాలి. ఇప్పటికే అన్నం నమలడానికి మధ్యలో ఆగుతున్నారు. పది రోజులకోసారి పడవ వస్తుంది. వచ్చే వారం శుక్రవారం వెళ్ళేది ఈ ఏటికి ఆఖరుది. తర్వాత తుఫాను నెలలు, మూడు నెలలు పడవ ఉండదు. మూడు నెలలంటే ఎక్కువేనని కాంపౌండరు అన్నాడు. 

వీసా అచ్చవడానికి ఒక రోజు పడుతుంది. అంటే వచ్చే వారం బుధవారం లోపు అత్తగారు ఒప్పుకోవాలి.

ఈ రిజిస్టరు గట్టు ఆఫీసుది. మనిషికొక పేజీ. పేరు, నిలకడ సమయం, ఎన్నో అవకాశం, పెట్టె జవాబు అన్నీ అప్పటికప్పుడు రాయాలి. పడవ బయలుదేరిన సమయం, గేటు చేరే సమయం అన్న చివరి రెండు గడులూ మనిషి వెళ్ళాక నింపాలి. మధ్యలో వివరాలు అని పెద్ద గడి ఉంది. దాన్ని ఎవరూ చదవరు. సిస్టర్ పేజీలో నేను అక్కడ రాస్తున్నాను.

సాయంత్రం నాలుగింటికి మఠానికి వెళ్ళి ఆమెకు పుస్తకం చదివి వినిపించాను. రెండు నెలలుగా ఇది నా అలవాటు. ఆ వేళకు రెండు రెప్పలూ పూర్తిగా వాలిపోయి ఉంటాయి. మాట ముక్కులోంచి వస్తుంది. అప్పుడామెను చూస్తే పొద్దున చూసిన మనిషని ఎవరూ అనుకోరు. నా గొంతు నాకైనా వినబడేది అలా చదివేటప్పుడే.

మంగళవారం. నిలకడ ఉదయం 11.50

నిన్న సాయంత్రం వచ్చిన పడవలో గోవిందరాజులు తిరిగి వచ్చాడు. ఇరవై రోజుల క్రితం పెద్ద మీసంతో ఫోటో దిగి, మొదటిసారికే పచ్చ దీపం కొట్టించుకుని, వరసలో అందరి వైపూ గర్వంగా చూసి వెళ్ళినవాడు. పడవలో ఎవరి దగ్గరో అద్దం తీసుకుని, గట్టు మీద బంధువులకు నాగరికంగా కనబడాలని మీసం తీసేశాడట. గట్టు రేవులో గేటు దగ్గర మళ్ళీ ఒక యంత్రం ఉంటుంది. అది మనిషినీ వీసా మీది ఫోటోనూ పక్కపక్కన పెట్టి చూస్తుంది. ఇతను అతను కాదు అంది. ఎక్కిన పడవలోనే వెనక్కి పంపారు. ఇక ఏడాది దాకా దరఖాస్తు లేదు.

స్టూడియో ముందు అతని చుట్టూ పదిమంది చేరారు. ఐసు అమ్మే వెంకాయమ్మ బుట్ట దించి మరీ నిలబడింది.

"ఏరా, మనిషివి వచ్చావు. మీసమేదిరా?"

"నవ్వు పిన్నీ, నవ్వు. అక్కడ మొగమ్మీద చేయి పెట్టి నేనే బాబూ, గోవిందరాజుల్నేనని ఏడ్చాను. మనం చెప్పేది వినరు. ఫోటో చెప్పిందే."

"మీసం దాచుకోవాల్సింది జేబులో. చూపిస్తే సరిపోయేది."

సాయంత్రం సిస్టర్‌కు ఇదంతా చెప్పాను. ఆమె చాలాసేపు నవ్వారు. నవ్వితే దవడ అలిసిపోతుందని గడ్డం చేత్తో పట్టుకుని నవ్వారు.

గురువారం. నిలకడ మధ్యాహ్నం 1.30

సూచనలు చాలా వచ్చాయి. రెప్పకు బంక బిళ్ళ అంటించమని ఒకరు. వెనక నుంచి సన్న దారంతో లాగమని ఒకరు. అత్తగారు దారం నీడను కూడా పట్టేస్తుందని బాబాయి అన్నారు.

వెంకాయమ్మ వేరే సంగతి చెప్పింది. ఎండలో వాలిన తన సొంత రెప్ప ఐసు పెట్టుకుంటే తేలికవుతుందట. సిస్టర్‌ను కూర్చోబెట్టి, గుడ్డలో ఐసు చుట్టి, ఎడమ కన్ను మీద రెండు నిమిషాలు ఆనించింది. బుట్టలోని చేపల వాసన స్టూడియో అంతా నిండింది. గుడ్డ తీసింది.

కన్ను తెరుచుకుంది.

నిజంగా తెరుచుకుంది. సిస్టర్ రెండు కళ్ళతో నన్ను చూసి, "జడ వేసుకోవడం మానేశావా?" అన్నారు. గుండు ఆగి ఉంది. నేను తీశాను. బాబాయి ఫోటోను పెట్టెలో పెడుతూ దండం పెట్టుకున్నారు.

అత్తగారి జవాబు: ముఖం రంగు సమానంగా లేదు.

ఐసు పెట్టిన చోట చర్మం ఎర్రబడింది. ఎరుపు తగ్గేదాకా ఆగితే రెప్ప వాలుతుంది. రెండూ చూశాం. రెప్పే ముందు వాలింది.

రెండో అవకాశం అయిపోయింది. వెంకాయమ్మ గుడ్డ పిండి బుట్టలో వేసుకుంది. 

శుక్రవారం. నిలకడ మధ్యాహ్నం 2.20

ఇది రాయకూడదు, కానీ ఎవరూ చదవరు కదా.

బాబాయి భోజనానికి వెళ్ళినప్పుడు సోమవారం ఫోటో తెరిచాను. కుడి కన్ను కత్తిరించి, తిప్పి, ఎడమ వైపు పెట్టాను. రంగు కలిపాను. పది నిమిషాల పని. సిస్టర్ రెండు కళ్ళతో చక్కగా చూస్తున్నారు. కాసేపు అలాగే చూస్తూ కూర్చున్నాను.

కెమెరాలోంచి బయటికి వచ్చే ప్రతి ఫోటోకూ ముద్ర ఉంటుంది. ఒక్క చుక్క మార్చినా ముద్ర పోతుంది. ముద్ర లేనిది పెట్టెలో పెడితే ఆమె పేరు జన్మంతా కొట్టేస్తారు. స్టూడియో మూసేస్తారు. ఇవన్నీ తెలిసే చేశాను. అలా చేయడం ఎంత తేలికో చూడాలనిపించింది.

బాబాయి చెప్పుల చప్పుడు వినగానే చెరిపేశాను.

శనివారం. నిలకడ మధ్యాహ్నం 3.10

గట్టు ఆఫీసుకు మా దివి మీద ఒక కిటికీ ఉంది. అక్కడ పాండురంగారావుగారు కూర్చుంటారు. చెడ్డవారు కాదు. జబ్బుతో కన్ను తెరవలేనివారికి మినహాయింపు ఫారం ఉందని విని బాబాయీ నేనూ వెళ్ళాం. నేను మాట్లాడాల్సింది కాగితం మీద రాసుకుని వెళ్ళాను. కిటికీ దగ్గరికి వెళ్ళాక ఆ కాగితం బాబాయి చేతికి ఇచ్చాను.

పాండురంగారావుగారు ఫారం తీసి చూపించారు. అడుగున పెద్ద ఆసుపత్రి డాక్టరు సంతకానికి చోటు. రోగిని స్వయంగా చూసి చేయాలి.

"ఆ డాక్టరు దగ్గరికి పోవడానికే కదండీ ఈ వీసా," అన్నారు బాబాయి.

"అవునండి."

"వీసా కావాలంటే ఆయన సంతకం కావాలి."

"కన్ను మూసుకుంటే కావాలి. తెరిచుంటే అక్కర్లేదు."

"తెరిచుంటే డాక్టరెందుకండీ?"

"నన్నడిగితే ఎట్టా నాంచారయ్యగారూ. ఫారం నేను రాశానా?"

తర్వాత ఆయనే కుర్చీలోంచి లేచి వచ్చి, మా పక్కన నిలబడి, ఫారం అటూ ఇటూ తిప్పి చూశారు. వెనక వైపు ఏమీ లేదు.

ఆదివారం. స్టూడియో సెలవు

దారి చూపించింది సిస్టరే.

నిద్ర లేచిన వెంటనే తన రెండు రెప్పలూ మామూలుగానే ఉంటాయని ఆమె చెప్పారు. నాలుగైదు నిమిషాలు. పాలు పొంగేలోపు అన్నారు. తర్వాత ఎడమది మెల్లగా దిగుతుంది, సాయంత్రానికి కుడిదీ పోతుంది. మధ్యాహ్నం గంట పడుకున్నా సగమే లేస్తుంది. రాత్రంతా నిద్రపోతేనే పూర్తిగా లేస్తుంది.

అయితే పొద్దున నిద్ర లేచే వేళకు నిలకడ ఎప్పుడొస్తుంది? ఆమె నన్నే అడిగారు, తరగతిలో అడిగినట్టు. నేను పలక తీసుకున్నాను. రోజుకు రెండు పోటులు. నిలకడ రోజూ దాదాపు యాభై నిమిషాలు ఆలస్యంగా జరుగుతుంది. మేం తీసేది పగటి నిలకడలోనే. రెండోది చీకట్లో వస్తుంది కనుక దాని లెక్క ఎవరూ పెట్టుకోరు. అదీ జరుగుతూ వస్తోంది. మంగళవారం తెల్లవారుజామున 5.15. బుధవారం ఉదయం 6.05.

"రెండు రోజులు దొరికాయి. దేవుడు మనకు ఒకటి ఎక్కువే ఇచ్చాడు," అన్నారు.

అంతా కుదిరింది. స్టూడియోలోనే పరుపు వేస్తాం. కుర్చీకి రెండు అడుగుల దూరంలో. దీపాలు ముందే సరిచేస్తాం. గుండు ఆగగానే లేపుతాం. మూడో అవకాశం కనుక ముందు తీసి చూసుకుంటాం, కళ్ళు రెండూ బాగుంటేనే పెట్టెలో పెడతాం.

సాయంత్రం పాత భూగోళం పుస్తకం చదివాను. నది సముద్రంలో కలిసే చోటు గురించి. పుస్తకం ప్రకారం ఆ చోటు మా స్టూడియోకు ఈశాన్యంగా, తొమ్మిది బారల లోతున ఉంది. సిస్టర్ గంజి తాగుతూ రెండుసార్లు పొలమారారు. నేను చదవడం ఆపాను. ఆపవద్దని చెయ్యి ఊపారు.

మంగళవారం. నిలకడ తెల్లవారుజామున 5.15

నాలుగింటికి మఠం గంట మోగింది. రోజూ మోగుతుంది. దివి నాలుగు మొత్తం ఆ గంటకే లేస్తుంది. వలలవాళ్ళు, ఐసువాళ్ళు, పిల్లల తల్లులు. ఇరవై రెండేళ్ళు ఆ గంట కొట్టింది సిస్టర్ ఇన్నాసమ్మగారే.

మేం దాని సంగతి ఆలోచించలేదు. రోజూ వినేది కనుక ఆలోచనలోకి రాలేదు.

గంట మొదటి దెబ్బకే ఆమె లేచి కూర్చున్నారు. రెండు కళ్ళూ తెరుచుకుని ఉన్నాయి, చక్కగా. గుండు అటూ ఇటూ ఊగుతోంది. నిలకడకు ఇంకా గంటా పావు ఉంది. మళ్ళీ పడుకోమని బాబాయి బతిమాలారు. ఆమె కళ్ళు మూసుకుని పడుకున్నారు, కానీ పెదవులు కదులుతూనే ఉన్నాయి. ప్రార్థన వేళకు మెలకువగా ఉండి ప్రార్థించకుండా ఉండటం తనకు చేతకాదని తర్వాత చెప్పారు.

5.15కు గుండు ఆగింది. అప్పటికి ఎడమ రెప్ప సగం దిగింది. తీశాను. పెట్టెలో పెట్టలేదు.

పగలు మఠానికి వెళ్ళి మదర్‌ను కలిశాను. రేపు ఒక్క రోజు గంట కొట్టవద్దని అడగాలి. తలుపు దగ్గర నిలబడి నోట మాట రాక, మళ్ళీ కాగితమే ఇచ్చాను. ఆమె చదివి, మడిచి, "ఈ దివి కట్టినప్పటి నుంచి ఆ గంట ఆగలేదు, తెలుసా?" అన్నారు. తెలుసని తల ఊపాను.

"తుఫాను రోజున కూడా కొట్టింది ఇన్నాసమ్మే. సరే, రేపు కొట్టం," అన్నారు.

బుధవారం. నిలకడ ఉదయం 6.05

గంట మోగలేదు.

నాలుగింటికి నేను మెలకువగా ఉన్నాను. గంట లేని నిశ్శబ్దంలో గొలుసుల కీచుమనే చప్పుడు మాత్రం వినబడింది. సిస్టర్ పక్కకు తిరిగి పడుకున్నారు. అయిదు దాటింది. ఎవరూ లేవలేదు. కాలిబాట పలకల మీద ఒక్క అడుగు కూడా పడలేదు. బాబాయి కుర్చీలో కూర్చుని గుండు వైపు చూస్తూనే ఉన్నారు.

6.03కు గుండు నిలబడింది. నేను ఆమె భుజం మీద చెయ్యి వేశాను. ఆమెను తాకడం అదే మొదటిసారి. లేచారు, రెండు అడుగులు వేసి కుర్చీలో కూర్చున్నారు, ముసుగు చెవుల వెనక్కి నెట్టుకున్నారు. రెండు కళ్ళూ తెరిచి కెమెరాను చూశారు.

తీశాను. పెట్టెలో పెట్టాను.

పచ్చ దీపం.

బాబాయి కళ్ళు తుడుచుకుంటూ కప్పులో గుండును తిట్టారు, ఎందుకో. సిస్టర్ కుర్చీలోనే సిలువ గుర్తు వేసుకున్నారు. నేను ఏం చేయాలో తెలియక రిజిస్టరు తీసి రాశాను. మూడో అవకాశం. ఒప్పుకున్నారు. 

ఏడింటికి వెంకాయమ్మ స్టూడియో ముందు బుట్ట దించి తగువు పెట్టుకుంది. దివి మొత్తం మొద్దునిద్ర పోయిందట. వలలవాళ్ళు ఇంకా తాళ్ళు విప్పలేదట. ఎండెక్కాక ఐసు ఎవడు కొంటాడట. బాబాయి సంగతి చెప్పారు. ఆమె తగువు ఆపింది.

"రెండు కళ్ళూ పడ్డాయా?"

"పడ్డాయి."

"సరేలే. ఒకరోజు ఐసు కరిగితే కరిగింది," అని బుట్ట ఎత్తుకుంది.

గురువారం. నిలకడ ఉదయం 6.55

పడవ సాయంత్రం వచ్చింది. వీసా అచ్చయి కిటికీ దగ్గరికి చేరింది. నేనే తెచ్చి మఠానికి తీసుకెళ్ళాను.

పుస్తకం చదివే వేళ. సిస్టర్ రెండు కళ్ళూ మూసుకుపోయి ఉన్నాయి. వీసా చేతికి ఇస్తే వేళ్ళతో అంచులు తడిమారు. తర్వాత చూపుడు వేలితో కుడి రెప్పను పైకెత్తి పట్టుకుని, ఫోటోను ముక్కు దాకా తెచ్చుకుని చూశారు.

"ఎవరమ్మా ఈవిడ, ఇంత మెలకువగా ఉంది?" అన్నారు.

ఇద్దరం నవ్వాం.

పందొమ్మిదేళ్ళయింది ఆమె గట్టు చూసి. రేపు పడవలో ఒక్క కునుకు కూడా తీయనని చెప్పారు. మొదట కొండ కనబడుతుందట నీలంగా, తర్వాత దీపస్తంభం, తర్వాత చెట్లు. పటాల మీద వేలితో చూపించి చెప్పినవన్నీ మళ్ళీ ఒకసారి చూడాలట. తెరిచి ఉన్నంతసేపు ఒక కన్నుతో అయినా చూస్తానన్నారు.

బాగుంటుంది సిస్టర్ అన్నాను. అదే అన్నాను.

శుక్రవారం. నిలకడ ఉదయం 7.45

పడవ ఏడింటికి కదిలింది. రేవు పలకల మీద సగం దివి నిలబడింది. గోవిందరాజులు కూడా వచ్చాడు. మీసం కొంచెం మొలిచింది. సిస్టర్ సంచి అతనే మోసి పడవ ఎక్కించాడు. వెంకాయమ్మ గుడ్డలో ఐసు చుట్టి ఇచ్చింది. దారిలోనే కరిగిపోతుందని అందరూ అన్నా వినలేదు.

సిస్టర్ కళ్ళజోడు రెండు అద్దాలూ శుభ్రంగా ఉన్నాయి. ఎండ పడుతుంటే పడవ అంచున నిలబడి రెండు కళ్ళతో మమ్మల్ని చూశారు. నాకు చెయ్యి ఊపి ఏదో అన్నారు. ఇంజను చప్పుడులో వినబడలేదు. జడ గురించి అయి ఉంటుంది.

స్టూడియోకు వచ్చి ముగ్గురికి ఫోటోలు తీశాను. ఇద్దరికి పచ్చ, ఒకరికి చెవి కనబడలేదు. తర్వాత రిజిస్టరు తెరిచి సిస్టర్ పేజీ తీశాను. పడవ బయలుదేరిన సమయం ఉదయం 7.00 అని రాశాను. పక్క గడి దగ్గర పెన్ను ఆగింది.

లేచి గట్టు ఆఫీసు కిటికీ దగ్గరికి పరుగెత్తాను. ఈసారి కాగితం తీసుకెళ్ళలేదు. పడవకు వైర్‌లెస్‌లో ఒక మాట పంపాలని గట్టిగా అడిగాను. వరసలో ఉన్నవాళ్ళందరూ నా వైపు తిరిగారు. నా గొంతు వాళ్ళకు కొత్త.

"ఏం మాటమ్మా?" అన్నారు పాండురంగారావుగారు.

"సిస్టర్ ఇన్నాసమ్మగారిని వెంటనే పడుకోమని చెప్పాలండి. గేటు దాకా నిద్రపోవాలి. గేటు దగ్గరే లేపాలి."

"నిద్రపొమ్మని చెప్పడానికి వైర్‌లెస్సా తల్లీ?"

ఎవరో నవ్వారు. నేను మళ్ళీ చెప్పాను. గేటు యంత్రం, సాయంత్రానికి వాలిపోయే రెప్పలు, గోవిందరాజులు మీసం, అన్నీ చెప్పాను. ఆయన నవ్వడం మానేశారు. వైర్‌లెస్ తుఫాను కబుర్లకే తప్ప ప్రయాణికుల కబుర్లకు తెరవడానికి వీల్లేదన్నారు. అయినా ఒకసారి మీట నొక్కి పిలిచి చూశారు. అటునుంచి గరగర తప్ప ఏమీ రాలేదు. ఇంకోసారి పిలిచారు. గేటుకు ఉత్తరం రాస్తానన్నారు. ఉత్తరం వెళ్ళాలన్నా పడవే కావాలి.

తిరిగి వచ్చాను.  బాబాయి పరుపు చుట్టి మూలకు చేర్చారు. పాటు మొదలై చాలాసేపయింది, గుండు ఊగుతోంది.

ఆ ఒక్క గడి ఇంకా ఖాళీగా ఉంది. ఖాళీగా వదిలితే పేజీ చెల్లదు. మూడేళ్ళుగా, వెళ్ళిన ప్రతి మనిషికీ, ఆ గడిలో నేను రాస్తున్నది ఒకటే. ఇప్పుడూ అదే రాశాను.

గేటు చేరే సమయం: సాయంత్రం 4.00.